పాతకాలపు పెద్ద స్పీకర్లు: మన గదికి తగిన జతను ఎంచుకోవడం

జేబీఎల్ 4343 స్టూడియో మానిటర్ 1976లో వచ్చింది. దాని ఎత్తు 105 సెంటీమీటర్లు, వెడల్పు 63 సెంటీమీటర్ల పైమాట, బరువు ఒక్కొక్కటి 79 కిలోలు. ఈ అంకెలు కాగితం మీద చదివినప్పుడు పెద్దగా అనిపించవు గాని, జత ఇంట్లోకి వచ్చి గోడకు చేరిన రోజున రెండు బీరువాలు కొత్తగా వచ్చినట్టే ఉంటుంది. అందువల్ల పాతకాలపు పెద్ద స్పీకర్లు కొనదలచినవారు అమ్మకపు ప్రకటనలు చూడడానికి ముందే ఒక చిన్న పని చేయాలి. ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ వచ్చిన అట్టపెట్టెలను కావలసిన కొలతలకు కోసి, అతికించి, స్పీకర్లు నిలబడవలసిన చోటనే వారం రోజులు ఉంచాలి. తలుపు పూర్తిగా తెరుచుకుంటున్నదా, కిటికీ రెక్క తగులుతున్నదా, ఇంట్లోవారికి నడిచే దారి మిగిలిందా అన్నది ఆ వారంలోనే తేలిపోతుంది.

ఆ తరువాత టేపు తీసుకుని గది పొడవు, వెడల్పు, ఎత్తు కొలవాలి. ఎదురెదురు గోడల మధ్య ధ్వని అటూ ఇటూ తిరిగి, గది కొలతను బట్టి ఒక ప్రత్యేకమైన మంద్రస్వరం దగ్గర ఉబ్బుతుంది. మీటర్లలో ఉన్న కొలతను రెట్టింపు చేసి, 344ను దానితో భాగిస్తే ఆ స్వరం ఎన్ని హెర్ట్జ్ దగ్గర ఉంటుందో వస్తుంది. 15 అడుగుల పొడవుకు సుమారు 38, 12 అడుగుల వెడల్పుకు 47, 10 అడుగుల స్లాబు ఎత్తుకు 56. ఈ మూడూ ఒకదానికొకటి ఎడంగా ఉన్నాయి కాబట్టి 12×15 గది పెద్ద స్పీకర్లకు పనికివస్తుంది. 12×12 చదరపు గదిలో మాత్రం పొడవు, వెడల్పు రెండూ 47 హెర్ట్జ్ దగ్గరే కలుస్తాయి. అక్కడ 15 అంగుళాల వూఫర్ (మంద్రస్వరాన్ని పలికించే పెద్ద యూనిట్) పెడితే ఒకే స్వరం గదంతా నిండిపోయి, మిగతా మంద్రాన్ని మింగేస్తుంది. చదరపు గది తప్ప వేరే వీలు లేనివారు 12 అంగుళాల వూఫర్ ఉన్న, గాలి పోయే రంధ్రం లేకుండా మూసిన సీల్డ్ బాక్సులతో ఆగడం మేలని నా అభిప్రాయం.

ఇక్కడ మన ఇళ్ల కట్టడాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. అమెరికాలో చెక్క చట్రానికి జిప్సం బోర్డులు బిగించి కట్టిన గోడలు మంద్రస్వరంలో కొంత భాగాన్ని తమలోకి తీసుకుంటాయి, కొంత బయటికి పోనిస్తాయి. ఇటుక గోడ, కాంక్రీటు స్లాబు ఉన్న మన గదులు దానిని దాదాపు అంతా తిరిగి గదిలోకే పంపుతాయి. కాబట్టి అక్కడివారు బేస్, అంటే మంద్రం, తక్కువని చెప్పే స్పీకరు మన గదిలో సరిగ్గా సరిపోవచ్చు, అక్కడ నిండుగా మోగిందని పేరుపడినది ఇక్కడ బరువెక్కవచ్చు. పై స్వరాల సంగతి కూడా ఇంతే. టైల్స్ పరచిన నేల, ఖాళీ గోడల మధ్య, బాకాలాంటి గొట్టం గుండా ధ్వనిని పంపే హారన్ స్పీకర్లు పెడితే నాదస్వరం చెవిలో గుచ్చుకుంటుంది. మందపాటి వరంగల్ జంపఖానా ఒకటి నేలమీద, నిండా పుస్తకాలున్న అల్మారా ఒకటి వెనుక గోడకు, బరువైన పరదాలు కిటికీలకు ఉంటే ఈ బాధ చాలావరకు తగ్గుతుంది. స్పీకర్ల మీద డబ్బు పెట్టే ముందే ఇవి సమకూర్చుకోవడం మంచిది.

బరువైన వస్తువులు నైరుతిలో ఉండాలని ఇంట్లో పెద్దవారు అంటారు. దక్షిణపు గోడనో పడమటి గోడనో ఎంచుకుంటే వారి మాటా నిలుస్తుంది, మన పనీ జరుగుతుంది. అయితే జతలోని రెండు స్పీకర్లూ ఒకే గోడ దగ్గర, పక్కగోడలకు సమానమైన దూరంలో ఉండి తీరాలి. ఒకటి మూలకు నొక్కుకుపోయి, రెండవది తలుపు పక్కన ఉంటే ఎంత ఖరీదైన జత అయినా పాటగాడి గొంతు నడిమధ్యన నిలబడదు. క్లిప్ష్‌హార్న్ విషయంలో ఈ నియమం ఇంకా కఠినమైనది. పాల్ క్లిప్ష్ 1946 నుంచి అమ్మిన ఈ స్పీకరు గది మూలలోని రెండు గోడలనే తన బేస్ హారన్‌కు కొనసాగింపుగా వాడుకుంటుంది. అందుకే ఒకే గోడకు రెండు చివరలా ఖాళీ మూలలు, వాటికి అటూ ఇటూ నాలుగేసి అడుగుల అడ్డులేని గోడ ఉండాలి. మూల పక్కనే తలుపు, ఇంకో మూలలో గోడలో దింపిన అల్మారా ఉండే మన ఇళ్లలో అటువంటి గోడ దొరకడం అరుదు. దొరకనివారు అదే సంస్థ 1959లో తెచ్చిన, మూల అక్కరలేని కార్న్‌వాల్ స్పీకరు వైపు చూడవచ్చు.

వినే కుర్చీకి, స్పీకర్లకు మధ్య ఉండే దూరం తరువాతి ప్రశ్న. ఆల్టెక్ సంస్థవారి ఎ7 సినిమా తెర వెనుక నిలబడి హాలంతటికీ వినిపించడానికి పుట్టిన యంత్రం. దానిలో బేస్ పెట్టె ఒకచోట, దానిపైన హారన్ వేరొకచోట ఉంటాయి. ఎనిమిది అడుగుల దూరంలో కూర్చుంటే రెండు గొంతులు విడివిడిగా వినిపించడం సహజం. 4343లో నాలుగు యూనిట్లు ఉన్నాయి, అవి ఒకే ధ్వనిగా కలవాలన్నా పది అడుగులైనా కావాలి. టానాయ్ సంస్థ 1947 నుంచి చేస్తూ వచ్చిన డ్యూయల్ కాన్సెంట్రిక్ యూనిట్‌లో, పై స్వరాలు పలికించే ట్వీటర్ హారన్ వూఫర్ మధ్యలోనే ఉంటుంది, స్వరాలన్నీ ఒకే బిందువు నుంచి పుడతాయి. కాబట్టి దగ్గరగా కూర్చున్నా అది ఒక్కటిగానే వినబడుతుంది. 12×15 గదికి 15 అంగుళాల టానాయ్, లేదా 1974 నాటి యమహా ఎన్‌ఎస్-1000ఎం నా మొదటి ఎంపికలు. ఎ7 మీద నాకెంత ప్రేమ ఉన్నా, ఆ గదికి దానిని సిఫారసు చేయను.

ఇంట్లో ఇప్పటికే ఉన్న యాంప్లిఫయర్‌ను బట్టి కూడా జాబితా చిన్నదవుతుంది. ఒక వాటు శక్తికి స్పీకరు ఎంత గట్టిగా మోగుతుందో చెప్పే సెన్సిటివిటీలో ప్రతి 3 డెసిబెల్స్ తేడా యాంప్లిఫయర్ శక్తిలో రెండింతలకు సమానం. వంద డెసిబెల్స్ ఉన్న హారన్ స్పీకరుకు 8 వాట్ల వాల్వ్ యాంప్లిఫయర్ ఇచ్చే శబ్దం, 87 డెసిబెల్స్ ఉన్న సీల్డ్ బాక్సు నుంచి రావాలంటే 160 వాట్లు కావాలి. 1967లో వచ్చిన ఏఆర్-3ఎ సీల్డ్ బాక్సు వంటివి తక్కువ సెన్సిటివిటీతో పాటు 4 ఓమ్‌ల భారం కూడా మోపుతాయి, బలహీనమైన యాంప్లిఫయర్ వాటి దగ్గర వేడెక్కిపోతుంది. హారన్లతో చిక్కు వేరు: యాంప్లిఫయర్‌లోని సన్నని బుసబుస శబ్దం కూడా వాటిలో స్పష్టంగా వినిపిస్తుంది. ఫ్యాను ఆపి, పాట లేని నిశ్శబ్దంలో ఒక్కసారి విని చూడాలి.

ఇక అసలు పరీక్షకు వస్తే, పాత స్పీకరులో బాగుచేయగల భాగాలు వేరు, మళ్లీ దొరకని భాగాలు వేరు అన్న సంగతిని మనసులో పెట్టుకుని ఒక్కొక్కటిగా చూడాలి. వూఫర్ కోన్ చుట్టూ ఉండే అంచును సరౌండ్ అంటారు. అది ఫోమ్‌తో చేసినదైతే వయసుతోనే చివికిపోతుంది. గాలిలో తేమ ఎక్కువగా ఉండే విశాఖ, మచిలీపట్నం వంటి చోట్ల మరీ త్వరగా పోతుంది. వేలికొసతో మెల్లగా తాకితే చెడిన ఫోమ్ జిగురుజిగురుగా అంటుకుంటుంది, లేదా తడిసి ఆరిన రొట్టెలా నలుసులై రాలుతుంది. 4343 వూఫర్లకు ఇది తప్పనిసరిగా వచ్చే వ్యాధి. 1970 నాటి జేబీఎల్ ఎల్100, ఆల్టెక్ 15 అంగుళాల వూఫర్ల అంచులు మందు పూసిన గుడ్డతో చేసినవి కాబట్టి అవి నేటికీ గట్టిగానే ఉంటాయి. ఫోమ్ చెడినంత మాత్రాన స్పీకరును వదులుకోనక్కరలేదు. కొత్త సరౌండ్ వేయడం చేయి తిరిగిన పనివానికి మామూలు పని. ధరలో ఆ ఖర్చు తగ్గించి అడగాలి.

కొత్త ఫోమ్ కనిపించినంత మాత్రాన నిశ్చింతగా ఉండకూడదని నేను ఒక జత కొని తెలుసుకున్నాను. అంచులు తళతళలాడుతున్నాయి, అమ్మినవారు కూడా ఇటీవలే చేయించామని చెప్పారు. ఇంటికి తెచ్చి మృదంగం ఉన్న కచేరీ పెట్టినప్పుడు, తొప్పి (ఎడమ) వైపు దెబ్బ పడిన ప్రతిసారీ ఎడమ స్పీకరు లోపల ఇసుక గీసినట్టు సన్నని చప్పుడు వచ్చింది. ఫోమ్ అతికించేటప్పుడు, కోన్‌ను కదిలించే తీగచుట్ట అయిన వాయిస్ కాయిల్ అయస్కాంతపు సందు నడుమకు రాకుండా పక్కకు ఒరిగింది. మధ్యనున్న డస్ట్ క్యాప్ విప్పి, కాయిల్ చుట్టూ సన్నని ప్లాస్టిక్ ఫిల్మ్ ముక్కలు దోపి నడిమికి తెచ్చి, ఫోమ్‌ను మళ్లీ అతికిస్తే గాని అది కుదుటపడలేదు. ఈ చప్పుడును కొనేచోటనే పట్టుకోవచ్చు. రెండు చేతుల వేళ్లను కోన్ మీద సమానంగా ఆనించి, మెల్లగా అర సెంటీమీటరు లోపలికి నొక్కి వదలాలి. చెవిని దగ్గర పెట్టుకుంటే రాపిడి ఉందా లేదా అన్నది తెలిసిపోతుంది. తరువాత ఫోన్‌లోని టోన్ జనరేటర్‌తో 20 నుంచి 200 హెర్ట్జ్ దాకా చిన్న శబ్దంతో నెమ్మదిగా పోనిస్తే పెట్టెలో గాలి కారే చోట్లు, వదులైన మరలు కూడా బయటపడతాయి.

మల్టీమీటర్‌ను వెంట తీసుకువెళ్లాలి. 8 ఓమ్‌ల వూఫర్ తీగల మధ్య సాధారణంగా 5.5 నుంచి 7 ఓమ్‌ల దాకా చూపిస్తుంది. జతలోని రెండూ దాదాపు సమానంగా ఉండాలి, తేడా ఉంటే ఒకదానిని ఎప్పుడో మార్చారని అనుమానించాలి. ఒకటిన్నర వోల్టుల పెన్ బ్యాటరీని, ప్లస్ ఎరుపు తీగకు వచ్చేలా, వూఫర్ తీగలకు క్షణకాలం తాకిస్తే కోన్ ముందుకు కదలాలి. పాత జేబీఎల్ యూనిట్లలో ఎరుపు తీగకు ప్లస్ ఇస్తే కోన్ వెనక్కి పోతుంది, అది ఆ సంస్థ అనుసరించిన పద్ధతే గాని లోపం కాదు. రెండు వైపులా ఒకేలా కదలడమే ముఖ్యం. ఈ బ్యాటరీ పరీక్షను ట్వీటర్ల మీద, హారన్ డ్రైవర్ల మీద చేయవద్దు.

హారన్ డ్రైవర్ లోపల కంపించే పలుచని పొర అయిన అసలు డయాఫ్రమ్, యమహా ఎన్‌ఎస్-1000ఎం బెరీలియం డోములు మళ్లీ దొరకడం కష్టమైన భాగాల కిందికి వస్తాయి. పగిలిన బెరీలియం పొడి ఊపిరితిత్తులకు ప్రమాదకరం కాబట్టి ఆ డోముల మీద వేలు పెట్టనే కూడదు. జాలీ వంగి ఉందా అన్నది మాత్రమే కంటితో చూడాలి. టానాయ్‌లో అసలు అయస్కాంతం, కోన్ ఉన్నాయా అన్నదానితో పాటు పెట్టె ఎవరు చేసినదో కూడా అడగాలి, ఎందుకంటే ఆ యూనిట్లను విడిగా కొని వడ్రంగి చేత పెట్టె చేయించుకున్నవారు చాలామంది ఉన్నారు. పెట్టె లోపలి ఘనపరిమాణం తప్పితే బేస్ తప్పుతుంది. డబ్బులు అప్పుడు యూనిట్లకు మాత్రమే ఇవ్వాలి.

స్వరాలను విడదీసి ఒక్కొక్క యూనిట్‌కు పంపే క్రాసోవర్‌లోని ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు ఇన్నేళ్లలో విలువ మారి ఉంటాయి. వాటిని మార్చడం పెద్ద ఖర్చు కాదు. ముందు పలకమీది కంట్రోళ్లను ఇటూ అటూ తిప్పినప్పుడు గరగరమని శబ్దం వస్తే లోపల తుప్పు పట్టిందని అర్థం, కాంటాక్ట్ క్లీనర్‌తో చాలాసార్లు పోతుంది. పెట్టె మీద ఉన్న గీతల గురించి బాధపడనక్కరలేదు గాని, కిందిభాగాన్ని మాత్రం టార్చి వేసి చూడాలి. చిప్‌బోర్డు నీళ్లు తాగి ఉబ్బితే మళ్లీ గట్టిపడదు. అడుగున మట్టిగొట్టాలు, చెక్కలో సన్నని రంధ్రాలు, వాటి కింద పసుపు పొడి కనబడితే చెదలో పురుగో పట్టిందని తెలుసుకుని, ధర ఎంత తగ్గించినా ఇంట్లోకి తేవద్దు. దాని పక్కన ఉన్న మంచి చెక్క సామాను కూడా పోతుంది.

అన్నీ చూసిన తరువాతనే వినాలి. మనకు కంఠతా వచ్చిన ఒకటి రెండు రికార్డింగులు వెంట తీసుకువెళ్లి, ముందు ఒక్కొక్క స్పీకరును విడిగా, ఆ తరువాత రెంటినీ కలిపి మోనోలో, అంటే రెండింటికీ ఒకే ధ్వని ఇచ్చి, వినాలి. గొంతు సరిగ్గా నడుమ నిలవాలి, ఒక పక్కకు జరిగితే ఆ పక్క రెండవదానికంటే గట్టిగా మోగుతున్నదని అర్థం. తంబూరా నాదం ఎడతెగకుండా వినిపిస్తున్నదా, మృదంగం కుడి మూతిమీది నాదం, ఎడమ మూతిమీది గుంకీ అనే మంద్రధ్వని వేర్వేరు వాద్యాలుగా కాక ఒకే మృదంగంగా అనిపిస్తున్నాయా అని చూడాలి. పెద్ద శబ్దంతో పది నిమిషాలు ఆకట్టుకోవడం ఏ పెద్ద స్పీకరుకైనా సులువు, మాట్లాడుకోగలిగినంత తక్కువ శబ్దంలో అరగంట వినడమే నిజమైన పరీక్ష.

తెచ్చుకునేటప్పుడు వూఫర్ ముందు గట్టి అట్ట బిగించి, పెట్టెను నిలువుగానే ఎక్కించాలి. 79 కిలోల పెట్టెకు నలుగురు మనుషులు కావాలి, లిఫ్టు తలుపు వెడల్పు ముందే కొలుచుకోవాలి. ఇంట్లో నిలిపేటప్పుడు కింద రబ్బరు దిమ్మలు వేస్తే మోత స్లాబు గుండా కింది వాటాకు తక్కువగా దిగుతుంది. గోడకు ముందు అడుగున్నర ఖాళీతో మొదలుపెట్టి, రోజుకు నాలుగు అంగుళాల చొప్పున ముందుకు వెనక్కు జరుపుతూ, ప్రతి స్థానాన్నీ నేలమీద టేపుతో గుర్తు పెట్టుకుంటూ వెళ్లాలి.