అప్‌గ్రేడ్ తర్వాత ప్రాసెసర్ 95 డిగ్రీలు కొడుతోందా? ముందు ఆ వేడి ఎలా ఎక్కుతోందో చూడండి

కొత్త ప్రాసెసర్ వేశారు, లేదా బోర్డుతో సహా మార్చేశారు, లేదా ఉన్నదాంట్లోనే పెద్ద గ్రాఫిక్స్ కార్డు పెట్టారు. పీసీ ఆన్ అయింది, విండోస్ వచ్చింది, హమ్మయ్య అనుకుని టెంపరేచర్ చూస్తే 95. వెంటనే అందరూ చెప్పేది ఒకటే, ప్రాసెసర్‌కీ కూలర్‌కీ మధ్య పూసే పేస్టు మార్చు లేదా వాటర్ కూలర్ కొను. అప్పుడే కొనకండి. ఎంత డిగ్రీలు అన్నది ఒక్కటే చూస్తే ఏమీ తెలీదు, అక్కడికి ఎంత స్పీడుగా చేరింది, చేరినప్పుడు ఎన్ని వాట్లు తింటోంది, ఈ రెండూ చూస్తే సగం సమస్య అక్కడే తేలిపోద్ది.

టెంపరేచర్లు, వాట్లు చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో64 అనే సాఫ్ట్‌వేర్ వేసుకుని సెన్సార్స్ ఓపెన్ చేయండి. ఇంటెల్ అయితే సీపీయూ ప్యాకేజ్, ఏఎండీ అయితే టీసీటీఎల్/టీడై అనే లైను, దాంతోపాటు ప్యాకేజ్ పవర్, ఫ్యాన్ ఆర్‌పీఎం, ఈ మూడు కళ్ళ ముందు పెట్టుకోండి. తర్వాత సినీబెంచ్ ఆర్23 (ప్రాసెసర్‌ని ఫుల్ లోడ్‌లో పెట్టి స్కోరు ఇచ్చే టెస్టు) మల్టీకోర్ రన్ చేయండి, అందులో 10 నిమిషాల టెస్టు డీఫాల్ట్‌గానే ఉంటది. స్టార్ట్ కొట్టిన మొదటి ఐదు సెకన్లు మాత్రం స్క్రీన్ మీంచి కళ్ళు తీయొద్దు.

అసలు ఇది సమస్యేనా

కొన్ని చిప్పులు కావాలనే అక్కడిదాకా వెళ్తాయి. రైజెన్ 7000 సిరీస్‌లో 7600ఎక్స్, 7700ఎక్స్, 7950ఎక్స్ లాంటివి ఫుల్ లోడ్‌లో 95 డిగ్రీలు చేరేదాకా స్పీడు పెంచుకుంటూ పోయేలాగే ఏఎండీ డిజైన్ చేసింది. 7800ఎక్స్3డి లిమిట్ 89, పాత 5800ఎక్స్ లిమిట్ 90. ఇంటెల్ 12, 13, 14 జనరేషన్ డెస్క్‌టాప్ చిప్పులకు 100. ఐదారేళ్ళ కిందటి చిప్ 65 దగ్గర ఉండేది కాబట్టి ఇదీ అక్కడే ఉండాలి అనుకుంటే అనవసరంగా టెన్షన్ పడతారు. 7950ఎక్స్ సినీబెంచ్‌లో 95 చూపించి, క్లాక్ స్పీడు బాగుండి, స్కోరు ఆ చిప్‌కి రావాల్సినంత వస్తుంటే వదిలేయొచ్చు. అదే 65 వాట్ల చిప్ 95 కొట్టినా, మామూలు గేమ్ ఆడుతుంటే 90 దాటినా, స్కోరు బాగా తగ్గినా కింద చదవండి.

స్టార్ట్ కొట్టగానే ఒక్క దెబ్బకి లిమిట్‌కి పోతోంది, వాట్లు మాత్రం తక్కువే

ఇది కూలర్ సరిగ్గా కూర్చోలేదన్న లక్షణం. 70, 80 వాట్లకే రెండు సెకన్లలో 95కి ఎగిరి, ఆపగానే మళ్ళీ దబ్బున పడిపోతుంటే వేడి ప్రాసెసర్ నుంచి కూలర్‌లోకి వెళ్ళట్లేదు. అప్పుడు కూలర్ ఫిన్ల మీద చెయ్యి పెట్టి చూస్తే చల్లగా తగులుద్ది.

తీసే ముందు ఒక మాట. ఏఎం4 (రైజెన్ 5000 దాకా వచ్చిన ఏఎండీ సాకెట్) బోర్డు అయితే కూలర్‌ని తిన్నగా పైకి లాగొద్దు, పేస్టు గట్టిపడి ఉంటే లాక్ వేసున్నా సరే ప్రాసెసర్ కూడా కూలర్‌కి అంటుకుని సాకెట్‌లోంచి ఊడొస్తది, పిన్నులు వంగుతాయి. ముందు పది నిమిషాలు పీసీని లోడ్ మీద ఉంచి, షట్‌డౌన్ చేసి, కరెంట్ తీసేసి, వెచ్చగా ఉండగానే కూలర్‌ని కుడికీ ఎడమకీ మెల్లగా తిప్పి అప్పుడు ఎత్తండి.

తీశాక తుడిచేయకండి, ముందు ఆ పేస్టు ముద్ర చూడండి, జవాబు అక్కడే ఉంటది. పేస్టు అంతటా పల్చగా పరుచుకుని, నడి భాగంలో మెటల్ దాదాపు కనిపించేంత పల్చగా ఉంటే కాంటాక్ట్ బాగుంది, సమస్య ఇంకెక్కడో ఉంది. పెట్టిన చుక్క పెట్టినట్టే కాస్త వెడల్పై ఆగిపోతే ఒత్తిడి చాలలేదు. ఒకవైపు పల్చగా ఇంకోవైపు మందంగా ఉంటే కూలర్ వంకరగా బిగిసింది. ఇక పేస్టు కింద గాజులా మెరిసే పొర కనిపిస్తే అది కూలర్ అడుగున ఉండే ప్లాస్టిక్ ఫిల్మ్, తీయకుండా బిగించేశారు. నవ్వొస్తది గానీ చాలా ఎక్కువగా జరిగేది ఇదే.

ఒత్తిడి చాలకపోవడానికి అప్‌గ్రేడ్‌లో ఒక పెద్ద కారణం పాత కూలర్‌నే కొత్త బోర్డుకి వేయడం. ఇంటెల్ పాత సాకెట్లు ఎల్‌జీఏ1200, అంతకుముందు 1150, 1151 బోర్డుల్లో కూలర్ రంధ్రాల మధ్య దూరం 75 మిల్లీమీటర్లు, 12, 13, 14 జనరేషన్ చిప్పుల సాకెట్ ఎల్‌జీఏ1700లో 78. పైగా 1700లో ప్రాసెసర్ ఎత్తు కూడా కాస్త తక్కువ, అందుకని పాత బ్రాకెట్‌ని ఎలాగోలా ఇరికించినా బేస్ గట్టిగా ఆనదు. ఆ కూలర్ కంపెనీ ఇచ్చే 1700 మౌంటింగ్ కిట్ తెప్పించుకోవాల్సిందే, వేరే దారి లేదు. రైజెన్ 7000తో వచ్చిన ఏఎం5 సాకెట్‌కి రంధ్రాలు ఏఎం4 లాగే ఉంటాయి కానీ వెనక ప్లేట్ సాకెట్‌తో కలిసి ఉంటది, ఊడదు, కాబట్టి సొంత బ్యాక్‌ప్లేట్ వాడే కూలర్లు నేరుగా పట్టవు.

ఇంటెల్ డబ్బాలో వచ్చే కూలర్ అయితే నాలుగు పుష్ పిన్నులు ఉంటాయి. పైన బాణం గుర్తు ఉన్న వైపు తిప్పితే ఊడతాయి, దాన్ని చూసి బిగించడానికి అనుకుని తిప్పేవాళ్ళు బోలెడు మంది. పిన్నులన్నీ వెనక్కి తిప్పి పెట్టి, ఎదురెదురు మూలలు ఒకేసారి నొక్కి, క్లిక్ సౌండ్ వచ్చాక బోర్డుని వెనక నుంచి చూడండి, తెల్ల గోళ్ళ మధ్యలోకి నల్ల ముల్లు నాలుగింటిలోనూ పూర్తిగా దిగాలి. ఒకటి దిగకపోయినా కూలర్ ఒక మూల లేచే ఉంటది. స్క్రూలు ఉండేవి అయితే ఒకదాన్ని పూర్తిగా బిగించేసి ఇంకోదానికి వెళ్ళకుండా, ఐమూలగా కొంచెం కొంచెం బిగించుకుంటూ రండి.

పాత పేస్టు మీదే మళ్ళీ పెట్టొద్దు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో రెండు వైపులా శుభ్రంగా తుడిచి కొత్తది వేయండి. చుక్క పెట్టాలా, ఎక్స్ ఆకారమా, స్పూనుతో పులమాలా అని జనం యుద్ధాలు చేస్తుంటారు, ఒత్తిడి సరిగ్గా ఉంటే రెండు మూడు డిగ్రీల గొడవ అది.

ఒక్క దెబ్బకే లిమిట్, వాట్లు కూడా 200 పైన

ఇక్కడ కూలర్‌ది తప్పు కాదు, బోర్డుది. ఐ7-13700కేకి ఇంటెల్ ఇచ్చిన గరిష్ఠ టర్బో పవర్ 253 వాట్లు, చాలా బోర్డులు ఆ లిమిట్ కూడా ఎత్తేసి వస్తాయి. కొన్ని బోర్డులైతే మొదటిసారి బయోస్‌లోకి (విండోస్ రాకముందు వచ్చే బోర్డు సెట్టింగులు) వెళ్ళగానే ఏ కూలర్ వాడుతున్నారని అడుగుతాయి, అక్కడ వాటర్ కూలర్ నొక్కితే పవర్ లిమిట్ 4096 వాట్లు అయిపోద్ది, అంటే లిమిట్ లేదనే. మీ ఇల్లు మొత్తం కూడా అన్ని వాట్లు తినదేమో.

బయోస్‌లో పీఎల్1 (ఎక్కువసేపు తినగలిగే పవర్ లిమిట్), పీఎల్2 (కాసేపు టర్బోలో తినగలిగే లిమిట్) వెతికి చిప్‌కి తగ్గవి పెట్టండి. 13700కేకి 125, 253, అదీ ఎక్కువే అనిపిస్తే పీఎల్2ని 180కి తెచ్చి చూడండి, గేముల్లో తేడా దాదాపు తెలీదు, రెండరింగ్‌లో కాస్త టైం ఎక్కువ పడుద్ది. ఈ లిమిట్లని బోర్డు తనంతట తనే ఎత్తేసే మల్టీకోర్ ఎన్‌హాన్స్‌మెంట్ లాంటి పేరుతో ఏదైనా ఆన్‌లో ఉంటే ఆఫ్ చేయండి.

ఇంటెల్ 13, 14 జనరేషన్ అయితే ఇంకో పని ముందు చేయాలి, బయోస్ అప్‌డేట్. ఈ చిప్పులకి వోల్టేజ్ ఎక్కువ పోయి కాలక్రమేణా చెడిపోయే సమస్య ఉందని ఇంటెల్ 2024లో ఒప్పుకుని ఆగస్టులో 0ఎక్స్129, సెప్టెంబర్‌లో 0ఎక్స్12బి మైక్రోకోడ్ (బయోస్ అప్‌డేట్‌తో వచ్చే ప్రాసెసర్ లోపలి కోడ్) ఇచ్చింది. పాత స్టాక్‌లోని బోర్డు అయితే పాత బయోస్‌తోనే వస్తది. చెడిపోయిన చిప్‌ని అప్‌డేట్ బాగుచేయదు, అందుకే ముందే వేసుకోవాలి.

ఏఎండీలో బయోస్‌లో ఉండే ఎకో మోడ్ (పవర్ లిమిట్ తగ్గించే సెట్టింగ్) ఆన్ చేయడమే సులువు. డబ్బా మీద 65 వాట్లు అని ఉన్నా సాకెట్ పవర్ 88 దాకా వెళ్తది, 105 అంటే 142, 170 అంటే 230. 105 వాట్ల చిప్‌ని 65 ఎకో మోడ్‌లో పెడితే 142 కాస్తా 88 అవుద్ది, వేడి బాగా దిగిపోద్ది, స్పీడు అంతగా తగ్గదు. కర్వ్ ఆప్టిమైజర్ నెగటివ్ (చిప్‌కి వెళ్ళే వోల్టేజ్ తగ్గించే సెట్టింగ్) కూడా బాగా పనిచేస్తది గానీ నేరుగా మైనస్ 30 పెట్టేయకండి, మైనస్ 10తో మొదలెట్టండి, ఎందుకంటే అది ఎక్కువైతే సినీబెంచ్ శుభ్రంగా పాసై ఊరికే బ్రౌజర్ తెరిచి ఉన్నప్పుడు రీస్టార్ట్ అవుద్ది.

మెల్లగా ఎక్కుతుంది, ఐదు పది నిమిషాలకి చేరుతుంది

కాంటాక్ట్ బానే ఉంది, వేడి కూలర్‌లోకి వెళ్తోంది, అక్కడినుంచి బయటికి పోవట్లేదు. క్యాబినెట్ పక్క డోర్ తీసి అదే టెస్టు మళ్ళీ రన్ చేయండి. ఏడెనిమిది డిగ్రీలు తగ్గితే గాలి సమస్య. తగ్గకపోతే కూలర్ చిన్నది లేదా ఫ్యాన్ తిరగట్లేదు.

ఫ్యాన్‌కి ఫ్రేమ్ పుల్లలు, మోటార్ స్టిక్కర్ ఉన్న వైపు నుంచి గాలి బయటికి వస్తది, రెండో వైపు నుంచి లోపలికి లాగుద్ది. ముందువి లోపలికి, వెనకవీ పైవీ బయటికి, టవర్ కూలర్ ఫ్యాన్ వెనక్కి ఊదేలా ఉండాలి. ముందు ప్యానెల్ మొత్తం గాజు అయితే ఫ్యాన్లు ఎన్ని పెట్టినా పెద్ద లాభం లేదు. ఇంకోటి, బయోస్ అప్‌డేట్ చేస్తే మీరు సెట్ చేసుకున్న ఫ్యాన్ కర్వ్ పోయి డీఫాల్ట్‌కి వస్తది, అదీ చూస్కోండి.

సినీబెంచ్‌లో బానే ఉంది, గేమ్ పెడితేనే వేడి

గ్రాఫిక్స్ కార్డు అప్‌గ్రేడ్ చేసినవాళ్ళది ఇది. 300 వాట్ల కార్డు అంటే క్యాబినెట్ లోపల గది హీటర్ పెట్టుకున్నట్టే, చాలా కొత్త కార్డులు ఆ వేడి గాలిని సగం పైకి, అంటే నేరుగా ప్రాసెసర్ కూలర్ వైపే ఊదుతాయి. కార్డు పవర్ లిమిట్ 80 శాతానికి తగ్గించి, మానిటర్ రిఫ్రెష్ రేట్ దగ్గర ఫ్రేమ్స్ లాక్ చేసి చూడండి, చాలాసార్లు దాంతోనే ప్రాసెసర్ కూడా చల్లబడుద్ది.

ఏ పనీ లేకుండానే వేడి

రైజెన్‌లో ఖాళీగా ఉన్నా 40 నుంచి 60 మధ్య ఎగిరి పడుతుంటది, ఒక చిన్న పని వచ్చినా ఒక కోర్‌కి ఫుల్ బూస్ట్ ఇస్తది కాబట్టి, అది జబ్బు కాదు. ఫ్యాన్ గొంతు పెంచి తగ్గించి చిరాకు పెడుతుంటే బయోస్‌లో ఫ్యాన్ స్టెప్ అప్ టైం నాలుగైదు సెకన్లకి పెంచండి. కొత్తగా విండోస్ వేసినరోజు ఇండెక్సింగ్, అప్‌డేట్లు నడుస్తుంటాయి, టాస్క్ మేనేజర్ చూసి ఒకరోజు ఆగండి.

కదలకుండా 70, 80 దగ్గర నిలబడి ఉంటే, అదీ వాటర్ కూలర్ అయితే, పంప్‌ని అనుమానించండి. దాని వైరు పంప్ హెడర్‌కి పెట్టి బయోస్‌లో స్పీడు 100 శాతం చేయండి, ఫ్యాన్ కర్వ్ మీద వదలొద్దు. రేడియేటర్ ముందు ప్యానెల్‌కి ఉంటే దాని పై అంచు పంప్ కన్నా ఎత్తులో ఉండాలి, లేదంటే లోపలి గాలంతా పంప్‌లో చేరుద్ది, గలగల సౌండ్ కూడా వస్తది. తర్వాత లోడ్ పెట్టి రెండు గొట్టాలూ, రేడియేటరూ ముట్టుకోండి. ఒక గొట్టం కాలుతూ ఇంకోటి చల్లగా ఉంటే, లేదా ప్రాసెసర్ 100లో ఉన్నా రేడియేటర్ చల్లగానే ఉంటే, నీళ్ళు తిరగట్లేదు. వారంటీ ఉంటే మార్పించుకోండి, లేకపోతే కొత్త కూలర్ కొనాల్సింది ఇప్పుడే.