నాలుగు గంటల సెషన్, ఏడాది క్యాంపెయిన్: గంటల లెక్క ఎలా వేసుకోవాలి

డంజియన్స్ అండ్ డ్రాగన్స్ లాంటి, టేబుల్ చుట్టూ కూర్చుని పాచికలతో పాత్రలు ఆడే ఆటల్లో కొత్తగా డీఎం (డంజియన్ మాస్టర్, అంటే కథ నడిపే మనిషి) అయినవాళ్లు క్యాంపెయిన్ (చాలా సెషన్లపాటు, అంటే చాలాసార్లు కూర్చుని ఆడే ఒకే కథ) అనగానే ముందు మ్యాపు గీస్తారు, తరవాత విలన్‌కి పేరు పెడతారు. క్యాలెండర్ సంగతి ఎప్పటికో గుర్తొస్తుంది. మధ్యలో ఆగిపోయే క్యాంపెయిన్లలో చాలావాటికి కథ బాగాలేక ఆ గతి పట్టదు. చేతిలో ఉన్న గంటలకు మించిన కథ ఎత్తుకోవడం వల్ల పడుతుంది. ఇక్కడి లెక్కలు డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్‌వి, 2014 నియమాల ప్రకారం, నలుగురు ఆటగాళ్లు ఒక డీఎం ఉన్న టేబుల్‌కి వేసినవి. వేరే ఆటకు అంకెలు మారతాయి, పద్ధతి మారదు.

ముందు తేదీలు లెక్కపెట్టండి

ఎక్స్‌పీ (క్యారెక్టర్ లెవెల్, అంటే బలం మెట్టు, పెరగడానికి పోగయ్యే అనుభవ పాయింట్లు) లెక్కల తలనొప్పి వద్దనుకునేవాళ్లకి డీఎంల కోసం రాసిన నియమాల పుస్తకం, 2014 డంజియన్ మాస్టర్స్ గైడ్‌లో ఒక దారి ఉంది. మొదటి సెషన్ తరవాత 2వ లెవెల్, ఇంకో సెషన్‌కి 3, మరో రెండు సెషన్లకి 4, అక్కణ్నుంచి లెవెల్‌కి రెండు మూడు సెషన్లు. సెషన్ అంటే సుమారు నాలుగు గంటలని అక్కడే రాసి ఉంది, చాలామంది ఆ వాక్యం దాటేస్తారు. ఈ లెక్కన 10వ లెవెల్ చేరడానికి 16 నుంచి 22 సెషన్లు, 20వ లెవెల్‌కి 36 నుంచి 52.

రెండు వారాలకోసారి కలిసే గుంపుకి ఏడాదికి 26 తేదీలు దొరుకుతాయి. పండగలు, పెళ్లిళ్లు, పరీక్షలు, ఆఫీసు రిలీజులు పోను 18 సెషన్లు జరిగాయంటే అది పద్ధతిగా నడిచే గుంపే. అంటే ఏడాదికి అటూ ఇటూగా 9 లేదా 10వ లెవెల్. 1 నుంచి 20 దాకా వెళ్లాలంటే రెండు నుంచి మూడేళ్లు. ఈ అంకె అందరికీ ముందే చెప్పి, ఒప్పుకున్నాకే మ్యాపు గీయండి.

రెండు గంటల సెషన్ నాలుగు గంటల సెషన్‌లో సగం అనుకోవడం ఇంకో పొరపాటు. వచ్చి కూర్చుని, టీ తాగి, క్యారెక్టర్ల వివరాలున్న షీట్లు తీసి, గత కథ గుర్తు చేసుకునేసరికి అరగంట, చివర్లో సర్దుకోవడానికి పావుగంట ఎలాగూ పోతాయి. నాలుగు గంటల్లో విరామం కూడా తీసేస్తే అసలు ఆట మూడు గంటలు. రెండు గంటల్లో మిగిలేది గంటంపావే. అందులో ఒక పోరాటం పెడితే ఇంకేమీ పట్టదు. వారం వారం రెండు గంటలే కుదిరే టేబుల్‌కి ఒక వారం పోరాటం, ఒక వారం మాటలు, వెతుకులాట అని మార్చి మార్చి పెట్టడం నయం. ఆన్‌లైన్‌లో మూడు గంటలు దాటనివ్వకండి. ఆరు గంటల సెషన్ వినడానికి గొప్పగానే ఉంటుంది కానీ, నాలుగో గంట దాటాక ఆటగాళ్లు నిర్ణయాలు తీసుకోరు, డీఎం ఏది చెబితే దానికి తలూపుతారు.

సెషన్ లోపల

పోరాటానికి పట్టే సమయం ఇలా అంచనా వేయండి. ఒక్కో ఆటగాడి వంతు రెండు నిమిషాలు, డీఎం వంతు నాలుగు నిమిషాలు. నలుగురితో ఒక రౌండ్ 12 నిమిషాలు. ఓ మాదిరి పోరాటం మూడు నాలుగు రౌండ్లలో తేలుతుంది. మ్యాపు పరచడం, ఇనీషియేటివ్ (పాచికలేసి తేల్చే వంతుల వరస) రాసుకోవడం కలిపి 45 నిమిషాలు అనుకోండి. ఆటగాళ్లు ఆరుగురైతే రౌండ్ 16 నిమిషాలవుతుంది, అదే పోరాటం గంట దాటుతుంది. ‘ఇంకో ఇద్దరు ఫ్రెండ్స్‌ని తీసుకురానా’ అని ఎవరైనా అడిగితే ఈ లెక్క చూపించండి.

కాబట్టి మూడు గంటల ఆటకు ఒక పెద్ద పోరాటం, పాతిక నిమిషాల్లో తేలే చిన్నది ఒకటి, పాతిక ముప్ఫై నిమిషాల సన్నివేశాలు నాలుగు. అంతకన్నా సిద్ధం చేసినా అది వచ్చే సెషన్‌కి మిగిలిపోతుంది.

సాయంత్రం 4 నుంచి 8 దాకా ఆట అనుకుందాం. 4:30కల్లా మొదలవ్వాలి. గత కథ డీఎం కాకుండా ఆటగాళ్లలో ఒకరు, ఐదు నిమిషాల్లో చెప్పాలి. వాళ్లకి ఏం గుర్తుందో, ఏది గాలికి పోయిందో అప్పుడే తెలుస్తుంది. 6కి పావుగంట విరామం. 7 దాటాక పెద్ద పోరాటం మొదలుపెట్టొద్దు. 7:15కి మొదలైతే 8కి గానీ తేలదు, దొరికిన సొమ్ము పంచుకునే తీరిక ఉండదు. 7:45కి పాచికలు పక్కన పెట్టించి మూడు పనులు చేయండి: హిట్ పాయింట్లు (మిగిలిన ప్రాణం), మిగిలిన స్పెల్ స్లాట్లు (ఇంకా ఎన్ని మంత్రాలు వేయొచ్చన్న లెక్క), హిట్ డైస్ (విశ్రాంతిలో ప్రాణం తిరిగి తెచ్చుకునే పాచికలు) షీట్ మీద రాయించి ఫొటో గ్రూపులో పెట్టించడం, ‘తర్వాత ఎటు వెళ్తారు?’ అని అడిగి జవాబు తీసుకోవడం, వచ్చే తేదీ ఖాయం చేయడం. రెండో పని వదిలేసే డీఎంలే నాలుగు దిక్కులకూ కథ సిద్ధం చేసుకుని అలిసిపోతారు.

ఉత్కంఠ మీద ఆపాలంటే తలుపు తెరుచుకున్న క్షణంలో, ఇనీషియేటివ్ వేయకముందు ఆపండి. పోరాటం మధ్యలో ఆపితే ఎవరి వంతు, ఏ స్పెల్ మీద కాన్సంట్రేషన్ (స్పెల్ ఆగిపోకుండా నిలబెట్టే ఏకాగ్రత) ఉంది, ఏ గాబ్లిన్‌కి ఎంత దెబ్బ తగిలింది అన్నది రెండు వారాల తరవాత ఎవరికీ గుర్తుండదు.

సెషన్ ముగిస్తే రోజు ముగిసినట్టు కాదు

సెషన్ ముగియగానే కథలోని రోజునీ ముగించేయడం, దీర్ఘకాలంలో క్యాంపెయిన్‌ని ఎక్కువగా పాడుచేసేది ఇదే. గైడ్ అంచనా ప్రకారం రెండు లాంగ్ రెస్ట్‌ల (రాత్రి నిద్ర లాంటి పూర్తి విశ్రాంతి) మధ్య ఆరు నుంచి ఎనిమిది మీడియం లేదా హార్డ్ ఎన్‌కౌంటర్లు (పోరాటం లాంటి గండాలు), నడుమ రెండు షార్ట్ రెస్ట్‌లు (కాసేపటి విశ్రాంతి) ఉండాలి. సెషన్‌కి రెండు పోరాటాలే పడుతున్నప్పుడు కథలోని ఒక రోజుకి మూడు నాలుగు సెషన్లు పట్టాలి. చాలా టేబుళ్లలో మాత్రం సెషన్ చివర అందరూ గుడారం వేసుకుని పడుకుంటారు. అప్పుడు లాంగ్ రెస్ట్‌తో స్లాట్లు తిరిగొచ్చే విజర్డ్, పాలడిన్ లాంటి క్యారెక్టర్లు తమ స్లాట్లన్నీ రెండు పోరాటాల్లోనే గుమ్మరిస్తారు. షార్ట్ రెస్ట్ మీద బతికే వార్‌లాక్, మాంక్ వెలవెలబోతారు. రాక్షసులు తేలిగ్గా చస్తున్నారని డీఎం వాళ్ల బలం పెంచుతాడు, పోరాటాలు గంటంబావుకి సాగుతాయి, సెషన్‌కి ఒక్కటే పడుతుంది. అప్పుడు ఇంకా ఎక్కువ గుమ్మరిస్తారు.

దీనికి తేలికైన మందు ఒక రోజుని రెండు సెషన్లకి సాగదీయడం. నాలుగైదు ఎన్‌కౌంటర్లు చాలు, అన్నీ పోరాటాలే కానక్కర్లేదు. స్పెల్ స్లాట్లు, హిట్ పాయింట్లు ఖర్చు చేయించే ఉచ్చు, వరదలో వంతెన దాటడం కూడా లెక్కకి వస్తాయి. ప్రయాణాలు, రాజకీయాలు ఎక్కువున్న కథైతే గైడ్‌లోనే ఉన్న ఐచ్ఛిక నియమం వాడొచ్చు: షార్ట్ రెస్ట్ ఎనిమిది గంటలు, లాంగ్ రెస్ట్ ఏడు రోజులు. డంజియన్ (గుహలు, నేలమాళిగల) కథకి అది పనికిరాదు. పైగా ఒంటికి రక్షణనిచ్చే మేజ్ ఆర్మర్ లాంటి, ఎనిమిది గంటలు పనిచేసే స్పెల్స్ విలువ పడిపోతుంది, ఆ సంగతి విజర్డ్ ఆడేవాళ్లకి ముందే చెప్పాలి.

ఏడాదిని ముక్కలు చేయడం

ఎక్స్‌పీ పట్టిక చూస్తే ఆట ఎక్కడ నిదానించాలో అర్థమవుతుంది. 2వ లెవెల్‌కి 300 చాలు. 10 నుంచి 11కి 21,000 కావాలి, ఆ తరవాత 11 నుంచి 12కి 15,000 చాలు. మొదటి మెట్లు గబగబా దాటించి, 5 నుంచి 10 దాకా నిలబెట్టే అమరిక ఇది. అసలు కథ కూడా అక్కడే పెట్టండి. సెషన్‌కో లెవెల్ ఇస్తే కొత్త స్పెల్ వాడి చూడకముందే ఇంకోటి వచ్చి పడుతుంది, ఐదు సెషన్లు దాటినా ఇవ్వకపోతే నీరసం వస్తుంది.

18 సెషన్లని ఆరేసి చొప్పున మూడు భాగాలు చేయండి. ప్రతి భాగంలో ఒక ప్రశ్న తేలిపోవాలి, సగంలో వేలాడకూడదు. గుంపు అక్కడితో విడిపోయినా ఒక పూర్తి కథ ఆడినట్టుంటుంది. భాగాల మధ్య మూడు వారాల విరామం, లేదా వేరొకరు డీఎంగా ఒక చిన్న ఆట. ఒకే సమయంలో తేలని చిక్కుముళ్లు మూడుకు మించొద్దు, నాలుగోది తేవాలంటే ఒకటి విప్పండి.

విలన్ వేగానికి ‘బ్లేడ్స్ ఇన్ ద డార్క్’ అనే ఇంకో ఆటలోని క్లాక్ అరువు తెచ్చుకోండి. కాగితం మీద వృత్తం గీసి ఆరు ముక్కలు చేసి టేబుల్ మధ్యలో అందరికీ కనబడేలా పెట్టండి. ప్రతి లాంగ్ రెస్ట్‌కి ఒక ముక్క నింపండి, నిండితే విలన్ తలపెట్టిన పూజ పూర్తయినట్టే. ఇక పడుకోవాలా వద్దా అని ఆటగాళ్లే వాదించుకుంటారు.

ప్రయాణం మూడు రోజులైతే మూడు రాత్రులకీ మూడు దాడులు పెట్టకండి, సెషన్ మొత్తం దారిలోనే పోతుంది. ఇరవై నిమిషాల సన్నివేశం ఒకటి చాలు.

నలుగురిలో ముగ్గురొస్తే ఆట నడవాలి. ఒకరి కోసం తేదీ మారిస్తే ఇంకో ఇద్దరికి కుదరదు, ఆ నెల గల్లంతే. రానివాళ్ల క్యారెక్టర్ వెనకాల నడుస్తూ ఉంటుంది, లెవెల్ మాత్రం అందరికీ ఒకేసారి. సగం మంది హైదరాబాద్‌లో, సగం డల్లాస్‌లో ఉన్న టేబుల్‌కి ఇంకో చిక్కుంది. అక్కడ శనివారం రాత్రి 9 అంటే వేసవి సమయంలో ఇక్కడ ఆదివారం ఉదయం 7:30, నవంబరు మొదటి ఆదివారం గడియారాలు మారాక 8:30. మార్చి రెండో ఆదివారం నుంచి మళ్లీ 7:30. ఏ ఊరి సమయం స్థిరమో మొదటి రోజే రాసి పెట్టుకోండి.

ముగింపు ఎప్పుడో మూడు సెషన్ల ముందే ప్రకటించండి. ఆఖరి సెషన్‌కి ఐదు గంటలు కేటాయించండి. ఆఖరి పోరాటం మూడో గంటలోపే మొదలవ్వాలి, చివరి అరగంట ఒక్కో క్యారెక్టర్ తరవాత ఏమైందో ఆటగాళ్లే చెప్పడానికి వదిలేయండి.