లాస్ట్ సీన్ దాచే ముందు కాంటాక్ట్ లిస్టు సర్దుకోండి

"లాస్ట్ సీన్, అంటే యాప్‌లో చివరిసారి ఉన్న టైమ్, ఎలా దాచాలి" అని అడిగేవాళ్ళకి నేను చెప్పేది ఒకటే, సెట్టింగ్స్ తర్వాత చూద్దాం, ముందు ఫోన్‌లో కాంటాక్ట్స్ తెరవండి. ఎందుకంటే వాట్సాప్‌లో గానీ టెలిగ్రామ్‌లో గానీ చాలామంది ఎంచుకునేది "మై కాంటాక్ట్స్" అనే ఆప్షనే, అది పెట్టేసి ఇక మనవాళ్ళకి మాత్రమే కనబడుతుంది కదా అని నిశ్చింతగా ఉంటారు. కానీ మనవాళ్ళెవరో కానివాళ్ళెవరో యాప్‌కి తెలియదు. నంబర్ సేవ్ అయి ఉందా లేదా, అంతే చూస్తుంది. ఎప్పుడో ఇల్లు మారినప్పుడు సామాను చేరవేసిన డ్రైవర్, మీ పాత సోఫా కొనుక్కున్న మనిషి, మాటలు ఆగిపోయిన పాత ఆఫీసు మేనేజర్, వీళ్ళ నంబర్లు మీ ఫోన్‌లో ఉండి, మీ నంబర్ వాళ్ళ దగ్గర ఉంటే, మీరు రాత్రి ఎన్నింటిదాకా మేలుకున్నారో వాళ్ళకి తెలిసిపోతుంది. నాలుగు రోజులు గమనిస్తే చాలు, ఒక మనిషి ఎప్పుడు పడుకుంటున్నారో ఎప్పుడు లేస్తున్నారో పట్టేయొచ్చు. ఒంటరిగా ఉండేవాళ్ళు, ఎవరి వేధింపునుంచైనా బయటపడినవాళ్ళు దీన్ని అస్సలు తేలిగ్గా తీసుకోకూడదు.

పాత మెసెంజర్లలో ఈ గొడవ ఇంతగా లేదు. 1999లో మొదలైన జాబర్‌నే చూడండి (ఇప్పుడు దాన్ని ఎక్స్‌ఎంపీపీ అంటున్నారు, వాడేవాళ్ళు ఇంకా ఉన్నారు). అందులో మీ స్టేటస్ (అంటే మీరు ఆన్‌లైన్‌లో ఉన్నారో లేదో) చూడాలంటే అవతలి మనిషి ముందు అనుమతి అడగాలి, మీరు ఒప్పుకోవాలి. వాళ్ళ స్టేటస్ మీకు కనబడాలంటే మళ్ళీ విడిగా అడగాలి. లిస్టులోంచి తీసేస్తే రెండువైపులా అనుమతులు రద్దయిపోతాయి. ఫోన్ నంబర్‌తో నడిచే యాప్‌లు వచ్చాక ఆ అడగటం పోయింది, అడ్రస్ బుక్కే అనుమతి పత్రం అయిపోయింది. అందుకే దాన్ని సర్దుకోవడం ఇప్పుడు మన పని.

లిస్టు సర్దడం

ముందు బ్యాకప్. కాంటాక్ట్స్ యాప్‌లో ఎక్స్‌పోర్ట్ అని ఉంటుంది, నొక్కితే అన్ని నంబర్లూ ఒక వీసీఎఫ్ ఫైల్‌గా వస్తాయి, దాన్ని ఎక్కడైనా భద్రంగా పెట్టుకోండి. గూగుల్ అకౌంట్‌లో సేవ్ అయ్యే నంబర్లయితే డిలీట్ చేశాక కూడా 30 రోజులు ట్రాష్‌లో ఉంటాయి కాబట్టి తొందరపడి తీసేసినా వెనక్కి తెచ్చుకోవచ్చు. సిమ్‌లో కొన్ని, ఫోన్‌లో కొన్ని, అకౌంట్‌లో కొన్ని ఉంటే మాత్రం అన్నీ ఒక్క అకౌంట్‌లోకి చేర్చాకే పని మొదలుపెట్టండి, లేకపోతే ఇక్కడ తీసేసిన పేరు అక్కడ కనబడుతూనే ఉంటుంది. ఒకే మనిషి రెండు మూడుసార్లు ఉంటే "మెర్జ్" ఆప్షన్ వాడండి.

ఇప్పుడు అసలు ఏరివేత. పేరు పేరుకీ ఆలోచిస్తూ కూర్చుంటే ఎప్పటికీ తెమలదు. ఈ నంబర్ నుంచి ఇప్పుడు కాల్ వస్తే ఎత్తుతానా అని అడుక్కోండి, ఎత్తను అనిపిస్తే తీసేయండి. పేరు చూసి ఎవరో గుర్తురాకపోతే అసలు ఆలోచించొద్దు. ఇంకొక సంగతి చాలామందికి తట్టదు, వాడకుండా వదిలేసిన మొబైల్ నంబర్లని కంపెనీలు కొన్నాళ్ళకి వేరేవాళ్ళకి ఇచ్చేస్తాయి. అంటే పదేళ్ళనాటి స్నేహితుడి పేరుతో మీ దగ్గరున్న నంబర్ ఇవాళ ముక్కూమొహం తెలియని మనిషిది కావచ్చు. ప్రొఫైల్ ఫొటోలో ఎవరో కొత్త మొహం కనబడితే అనుమానించాల్సిందే.

నంబర్ అవసరమే కానీ మీ లాస్ట్ సీన్ వాళ్ళు చూడటం ఇష్టం లేదనుకోండి, దాన్ని కాంటాక్ట్స్‌లో కాకుండా నోట్స్ యాప్‌లో రాసుకోవచ్చు. ఉంచే పేర్లకి మాత్రం కాస్త ఆనవాలు తగిలించండి, ఎక్కడ పరిచయమో, ఏ పనిమీదో. దేశం కోడ్‌తో సహా ప్లస్ గుర్తు పెట్టి సేవ్ చేస్తే మీరు వేరే దేశం వెళ్ళినా యాప్ ఆ నంబర్‌ని సరిగ్గా గుర్తుపడుతుంది.

డిలీట్ వేరు, బ్లాక్ వేరు. డిలీట్ చేసినంత మాత్రాన అవతలివాళ్ళు మెసేజ్ పెట్టడం ఆగదు. బ్లాక్ చేస్తే మెసేజ్‌లు, కాల్స్ రావు, మీ లాస్ట్ సీన్, ఆన్‌లైన్ వాళ్ళకి కనబడవు, బ్లాక్ చేసినట్టు వాళ్ళకి కబురూ వెళ్ళదు. కానీ ఇద్దరూ ఒకే గ్రూపులో ఉంటే అక్కడ మీరు రాసేది వాళ్ళు చదువుతూనే ఉంటారు.

స్టేటస్ సెట్టింగ్స్

వాట్సాప్‌లో సెట్టింగ్స్, ప్రైవసీ, అందులో "లాస్ట్ సీన్ అండ్ ఆన్‌లైన్". ఇక్కడ ప్రశ్నలు రెండు ఉంటాయి, చాలామంది మొదటిది మార్చేసి వచ్చేస్తారు. పైన లాస్ట్ సీన్ ఎవరికి కనబడాలో, కింద ఆన్‌లైన్ ఎవరికి కనబడాలో. కిందది "ఎవ్రీవన్" మీద వదిలేస్తే మీరు యాప్ తెరిచి ఉన్నంతసేపూ ఆన్‌లైన్ అని అందరికీ కనబడుతుంది, దాన్ని "సేమ్ యాజ్ లాస్ట్ సీన్"కి మార్చండి. పైన నా సలహా "మై కాంటాక్ట్స్ ఎక్సెప్ట్", అందులో వద్దనుకున్నవాళ్ళ పేర్లకి టిక్ పెట్టండి. "నోబడీ" పెడితే ఇతరుల లాస్ట్ సీన్, ఆన్‌లైన్ మీకూ కనబడవు. దూరంగా ఉన్న అమ్మానాన్నలు ఫోన్ చూసుకున్నారో లేదో తెలిస్తే మనసు కుదుటపడే వాళ్ళకి అది పెద్ద లోటు, నన్నడిగితే ఆ ఒక్క కారణం చాలు "నోబడీ" జోలికి పోకుండా ఉండటానికి.

బ్లూ టిక్‌లు ఆపే "రీడ్ రిసీట్స్" కూడా ప్రైవసీలోనే ఉంటుంది. అదీ ఇచ్చిపుచ్చుకునే వ్యవహారమే, మీరు ఆపితే అవతలివాళ్ళవీ మీకు కనబడవు, పైగా గ్రూపుల్లో అది పనిచేయదు.

టెలిగ్రామ్ ఈ విషయంలో మెరుగు. "ప్రైవసీ అండ్ సెక్యూరిటీ"లో లాస్ట్ సీన్ తెరిస్తే అందరికీ, కాంటాక్ట్స్‌కి, ఎవరికీ వద్దు అని మూడు ఉంటాయి, వాటి కింద ఫలానావాళ్ళకి ఎప్పుడూ చూపించు, ఫలానావాళ్ళకి ఎప్పుడూ చూపించకు అని మినహాయింపులు పెట్టుకోవచ్చు. దాచినప్పుడు అవతలివాళ్ళకి సరైన టైమ్ బదులు "రీసెంట్లీ", "వితిన్ ఎ వీక్" లాంటి అంచనా కనబడుతుంది. రీసెంట్లీ అంటే ఈ రెండు మూడు రోజుల్లో ఎప్పుడైనా కావచ్చు, దాన్ని చూసి "ఇప్పుడే ఉన్నావుగా" అని ఎవరైనా నిలదీస్తే అది వాళ్ళ అపార్థం. అయితే ఎంత దాచినా మీరు ఒకరికి మెసేజ్ పంపినా, వాళ్ళ మెసేజ్ చదివినా ఓ 30 సెకన్లపాటు వాళ్ళకి ఆన్‌లైన్‌లో కనబడతారు. కొత్త కాంటాక్ట్ చేర్చేటప్పుడు మీ నంబర్ వాళ్ళతో పంచుకోవాలా అనే టిక్ ఒకటి వస్తుంది, అది చదవకుండా ఓకే కొట్టకండి.

సిగ్నల్‌లో అసలు లాస్ట్ సీన్, ఆన్‌లైన్ అనేవే లేవు. ఫేస్‌బుక్ మెసెంజర్‌లో యాక్టివ్ స్టేటస్ ఆపాలంటే ఫోన్‌లో ఒక్కదాన్లో ఆపితే చాలదు, లాగిన్ అయి ఉన్న ప్రతి చోటా ఆపాలి, పాత ట్యాబ్లెట్‌తో సహా.

ఆఫీసు యాప్‌ల లెక్క వేరు. అక్కడ స్టేటస్ దాచడం కంటే నిజం చెప్పడం మేలని నా గట్టి నమ్మకం. టీమ్స్‌లో 5 నిమిషాలు, స్లాక్ డెస్క్‌టాప్‌లో 10 నిమిషాలు కంప్యూటర్ ముట్టుకోకపోతే స్టేటస్ దానంతటదే "అవే" (సీట్లో లేరు అని) అయిపోతుంది, అంత మాత్రాన పని ఎగ్గొట్టినట్టు కాదు, దానికోసం టెన్షన్ పడి మౌస్ కదుపుతూ కూర్చోవద్దు. తలెత్తకుండా చేయాల్సిన పని ఉంటే "డూ నాట్ డిస్టర్బ్" పెట్టి, ఎంతసేపో కూడా అక్కడే ఎంచుకోండి, టైమ్ అయ్యాక అదే పోతుంది. పక్కనే స్టేటస్ మెసేజ్‌లో "బిజీ" అని కాకుండా "నాలుగింటిదాకా రిపోర్టు పనిలో ఉన్నాను, అర్జెంటయితే కాల్ చేయండి" అని రాస్తే అవతలివాళ్ళకి ఏం చేయాలో తెలుస్తుంది. టీమ్స్‌లో ఆ టైమ్‌లో కూడా మిమ్మల్ని చేరగలిగేవాళ్ళ జాబితా, "ప్రయారిటీ యాక్సెస్" అని ఒకటుంది, అందులో నిజంగా అవసరమైన ఇద్దరు ముగ్గురినే పెట్టండి.

అన్నీ మార్చాక మీ ఫోన్‌లో చూసుకుని సరిపోయిందనుకోకండి. మీ కాంటాక్ట్స్‌లో ఉన్న ఒకరిని, లేని ఒకరిని, మీరు యాప్ తెరిచి ఉండగా మీ పేరు తెరిచి స్క్రీన్‌షాట్ పంపమనండి. లేనివాళ్ళకి కూడా ఆన్‌లైన్ అని కనబడితే వాట్సాప్‌లో ఆ కింది ప్రశ్న, ఆన్‌లైన్ ఎవరికి కనబడాలనేది, మార్చడం మర్చిపోయారన్నమాట.