పొమాక్ కొండపల్లె చరిత్ర రాయాలంటే ముందు పేర్ల పట్టిక వేయండి

బల్గేరియా దక్షిణాన, రొడోపీ కొండల్లో, బల్గేరియన్ మాట్లాడే ముస్లింల పల్లెలున్నాయి. వీళ్లనే పొమాకులంటారు. అలాంటి పల్లె చరిత్ర రాయబోయేవారు ముసలివాళ్ల కబుర్లతోనో రికార్డు గదితోనో మొదలుపెడతారు. రెండూ తర్వాత. ఇక్కడ ఒకే మనిషి కాగితాల మీద మూడు నాలుగు పేర్లతో కనిపిస్తాడు కాబట్టి, పట్టిక లేకపోతే ఒక కుటుంబం నాలుగు కుటుంబాలుగా లెక్కకొస్తుంది.

మనిషికో కార్డు పెట్టండి. దాని మీద అయిదు గళ్లు: 1912కి ముందున్న పేరు, 1912-13 బాల్కన్ యుద్ధకాలంలో బలవంతపు బాప్తిస్మంతో వచ్చిన పేరు (1913-14లో చాలామంది పాత పేరుకు తిరిగొచ్చారు), 1942-44 మధ్య మార్చిన పేరు (1945లో రద్దయింది), 1970-74లో ప్రభుత్వం రుద్దిన పేరు, పాత పేర్లు తిరిగి తీసుకునే వీలిచ్చిన 1990 చట్టం తర్వాతి పేరు. 1990లో పాత పేరు తీసుకోనివాళ్లూ ఉన్నారు, ఆ గడిని మీరే ఊహించి నింపొద్దు. కార్డులు జతపరచడానికి పనికొచ్చేవి పుట్టిన ఏడు, ఇల్లున్న పేట, ఊళ్లో ఆ కుటుంబానికున్న వాడుక పేరు. ఏ ప్రభుత్వం వచ్చినా వాడుక పేరును మార్చలేకపోయింది. అందుకే దాన్ని కార్డు నెత్తిన రాయండి.

ఊరి పేరుకూ ఇదే జాగ్రత్త. 1934లో పెద్దయెత్తున ఊళ్ల పేర్లు మార్చారు. పష్మక్లీ స్మోల్యన్ అయింది, దరిదెరె జ్లాతోగ్రాద్ అయింది. పాత పేరు తెలియకుండా ఒట్టోమన్ (ఇక్కడ ఒకప్పుడు ఏలిన టర్కీ సామ్రాజ్యపు) పన్ను దస్త్రాల్లో వెతికితే ఊరే దొరకదు.

ఆ పన్ను దస్త్రాల్లో ఎక్కువగా ఇంటి యజమానుల పేర్లే ఉంటాయి, ముస్లింలు వేరు, క్రైస్తవులు వేరు. కొత్తగా ఇస్లాంలోకి మారినవారికి తండ్రి పేరుగా తరచుగా అబ్దుల్లా (దేవుని దాసుడు) అని రాసేవారు. అందుకే ‘అబ్దుల్లా కొడుకు’ అని తరచుగా కనిపిస్తే మతం మారినవారని అర్థం చేసుకోవచ్చు, కానీ అబ్దుల్లా మామూలు పేరు కూడా. ఒక్క నమోదు చాలదు. ఒకే ఊరి దస్త్రాలు కొన్ని దశాబ్దాల తేడాతో పక్కపక్కన పెడితే, మార్పు నెమ్మదిగా, కొన్ని ఇళ్ల చొప్పున జరిగిందా లేదా తేలుతుంది. 17వ శతాబ్దపు పూజారి అని చెప్పే మెతోదీ ద్రాగినోవ్ పేరిట చలామణీలో ఉన్న సామూహిక మతమార్పిడి వృత్తాంతాన్ని మాత్రం ఆధారంగా తీసుకోకండి. అది 19వ శతాబ్దంలో పుట్టిందని చాలామంది పరిశోధకుల అభిప్రాయం.

శ్మశానంలో తొందర వద్దు. పొద్దున్నే, ఎండ ఏటవాలుగా పడేటప్పుడు సమాధిరాళ్ల ఫొటో తీయండి. రాతిని గీకొద్దు, సుద్ద పూయొద్దు. రాతి మీది హిజ్రీ (ఇస్లామిక్ కేలండర్) సంవత్సరం చదవడంలో తప్పులు అరబిక్ అంకెల దగ్గరే వస్తాయి. సున్నా చిన్న చుక్క మాత్రమే కాబట్టి పాచి కింద మాయమవుతుంది. గుండ్రంగా మన సున్నాలా కనిపించేది అయిదు. మూడులో ఒక పన్ను అరిగితే రెండవుతుంది. హిజ్రీ ఏడాదిని 0.97తో గుణించి 622 కలిపితే రమారమి మన సంవత్సరం వస్తుంది. 1277 అంటే 1860-61. 1916కి ముందు బల్గేరియా కాగితాల్లో పాత జూలియన్ కేలండర్ తేదీలు ఉంటాయి, 1900 తర్వాతివాటికి 13 రోజులు కలపాలి.

ఇక పెద్దవాళ్లు. “మీరు ఎవరు, టర్కులా బల్గేరియన్లా?” అని అడిగారో, మాట అక్కడితో ఆగిపోతుంది. ‘పొమాక్’ అనే మాటే కొందరికి అవమానం, కొందరికి గర్వం. వాళ్లు తమను తాము ఏమని పిలుచుకుంటే అదే రాయండి. పొగాకు ఎప్పుడు నాటేవారు, గొర్రెల్ని చలికాలం ఎక్కడికి తోలేవారు, సహకార వ్యవసాయ క్షేత్రంలో పొలం ఎప్పుడు కలిసింది, ఇలాంటివి అడగండి. తేదీ గుర్తులేనివాళ్లు కూడా “పేర్లు మార్చిన ఏడాదికి ముందా, తర్వాతా” అంటే చెప్పగలరు. ఏ మార్పు అన్నది వెంటనే తేల్చుకోండి. 1942దీ 1972దీ కలిసిపోవడం సర్వసాధారణం.

1973 మార్చిలో కొర్నిత్సా అనే పొమాక్ పల్లెలో పేర్ల మార్పును ఎదిరించినవారిపై కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. అలాంటి ఊళ్లలో ఆ రోజుల గురించి మీ అంతట మీరు అడగొద్దు, వాళ్లు ఎత్తితే వినండి, రికార్డు చేసేముందు అనుమతి తీసుకోండి. అచ్చులో ఏ పేరు వేయాలో బతికున్నవారినే అడగండి. చనిపోయినవారికి అన్ని పేర్లూ వేసి, ప్రతిదాని పక్కనా ఏ సంవత్సరాలదో రాయండి.