అన్నానగర్‌ కోచింగ్‌లో చేరి సివిల్స్ టైమ్‌టేబుల్ వేసుకునే ముందు జాగ్రత్తలు

చెన్నై వచ్చి ప్రిపరేషన్ మొదలుపెడుతున్న మన పిల్లలు ఇవి చూసుకోండి.

- కోచింగ్‌లో కూర్చున్న గంటల్ని చదువు గంటల్లో కలపకండి. కోట్టూర్‌పురం అన్నా లైబ్రరీకి వెళ్తే బస్సులో పోయే టైమ్ కూడా లెక్కేయండి.

- ప్రిలిమ్స్ రెండో పేపర్ సీశాట్‌లో (లెక్కలు, రీజనింగ్ లాంటివి) 33 శాతం చాలు కదా అని వదిలేస్తారు, అది రాకపోతే మొదటి పేపర్ జీఎస్‌లో (జనరల్ స్టడీస్) ఎంత బాగా రాసినా మెయిన్స్ లేదు. పైగా ఆ పేపర్ మధ్యాహ్నం 2:30కి, అన్నం తిన్నాక కళ్లు మూతలు పడే వేళకి. మాక్ టెస్టులు సరిగ్గా ఆ టైమ్‌కే పెట్టుకోండి, రాత్రి ప్రశాంతంగా చేస్తే ఉపయోగం తక్కువ.

- మెయిన్స్ జీఎస్‌లో 3 గంటల్లో 20 ప్రశ్నలు, అంటే ఒక్కోదానికి 9 నిమిషాలే. పెన్ను పట్టి రాసే గంట రోజూ ఉండాల్సిందే.

- మెయిన్స్‌లోనే భారతీయ భాష పేపర్ 300 మార్కులకు, అందులో 25 శాతం తెచ్చుకోకపోతే మిగతా పేపర్లు లెక్కలోకి రావు. తమిళనాడులోనే పుట్టి పెరిగి తెలుగు మాట్లాడటమే తప్ప రాయడం అలవాటు లేనివాళ్లు దయచేసి ఇప్పుడే ఆలోచించుకోండి: బళ్లో తమిళం చదివుంటే అదే తీసుకోండి, తెలుగే అనుకుంటే రోజూ అరపేజీ చేత్తో రాసి, ఒత్తులూ దీర్ఘాలూ ఇంట్లో పెద్దవాళ్లకి చూపించండి.

- ఆదివారం సగం పూట ఖాళీగా ఉంచండి, వారంలో మిగిలిపోయినవి అప్పుడే పూర్తవుతాయి.