లోహ సుంకం, కారు ధర: లెక్క కట్టడం నేర్చుకుందాం
3వ పాఠం: దేనితో భాగించాలి?

పోయిన పాఠంలో ఒక కారులో ఎంత లోహం ఉంటుందో అంచనా వేశాం. అమెరికాలో తిరిగే మామూలు కారుకు ఉక్కు సుమారు ఒక టన్ను, అల్యూమినియం సుమారు 200 కిలోలు అని రాసుకున్నాం. ఈసారి ఆ బరువును డబ్బులోకి మారుద్దాం. కాగితం, పెన్ను దగ్గర పెట్టుకోండి. చదువుకుంటూ పోతే ఈ పాఠం రాదు, వేసి చూస్తేనే వస్తుంది.

2018 మార్చిలో అమెరికా ప్రభుత్వం దిగుమతి ఉక్కు మీద 25 శాతం, అల్యూమినియం మీద 10 శాతం సుంకం వేసింది. కార్ల ధరలు పెరుగుతాయని అందరూ ఆందోళన పడుతుంటే, అప్పటి వాణిజ్య మంత్రి విల్బర్ రాస్ టీవీలో ఒక లెక్క చెప్పారు. కారులో టన్ను ఉక్కు ఉంటుంది, టన్ను 700 డాలర్లు. అందులో 25 శాతం 175 డాలర్లు. 35,000 డాలర్ల కారుకు అది అర శాతం. ఇంత మాత్రానికి టెన్షన్ ఎందుకని ఆయన వాదన.

మీరూ వేయండి. 700లో నాలుగో వంతు 175. దాన్ని 35,000తో భాగిస్తే 0.005, అంటే అర శాతమే. గుణకారంలో, భాగహారంలో తప్పు లేదు. చూడాల్సింది లవం ఎలా వచ్చింది, హారంగా దేన్ని ఎంచుకున్నారు అన్నది.

ముందు లవం. ఇందులో అల్యూమినియం అసలు లేదు. పైగా కారులో ఉన్న బరువు, కంపెనీ కొన్న బరువు ఒకటి కావు. డోర్ కోసం రేకును ప్రెస్‌లో కొడితే కిటికీ ఉండాల్సిన చోటు ముక్కగా ఊడిపోతుంది. టైలర్ దగ్గర జాకెట్టు ముక్క కత్తిరించాక మిగిలే పీలికల్లాంటిదే అది. ఆ ముక్క తుక్కు రేటుకు అమ్ముడుపోతుంది, కొన్నది మాత్రం రేకు రేటుకు. కాబట్టి కారులో టన్ను కనిపిస్తే, కొన్నది టన్ను కంటే ఎక్కువే అని లెక్కలో పెట్టండి.

ఇక్కడ దాదాపు అందరికీ ఒక అనుమానం వస్తుంది. అమెరికా ఉక్కే కొనే కంపెనీకి ఈ సుంకంతో ఏం పని? దీనికి జవాబు మన దగ్గరే ఉంది. 2024 సెప్టెంబరులో కేంద్రం దిగుమతి వంటనూనెల మీద సుంకం 20 శాతం పాయింట్లు పెంచింది. ఆ తర్వాత గోదావరి జిల్లాల్లో, ఖమ్మంలో పామాయిల్ గెలల రేటు కూడా పెరిగింది. ఆ గెలల మీద ఎవరూ సుంకం వేయలేదు. బయటి సరుకు ఖరీదైతే లోపలి సరుకు అమ్మేవారికి రేటు పెంచే వీలు దొరుకుతుంది, అంతే. రైతుకు అది మేలు, నూనె కొనేవారికి భారం. అమెరికాలో ఉక్కు మిల్లు రైతు స్థానంలో ఉంది, కార్ల కంపెనీ వంటింటి స్థానంలో ఉంది. 2018 మొదట్లో టన్ను 700 డాలర్ల లోపున్న అమెరికా ఉక్కు రేకు ఆ వేసవికి 900 దాటింది.

అల్యూమినియంలో ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. అక్కడ ధరకు రెండు ముక్కలు. ఒకటి లండన్ మెటల్ ఎక్స్చేంజ్ (లోహాల అంతర్జాతీయ మార్కెట్) ధర, రెండోది దాని మీద అమెరికాలో అదనంగా కలిపే ‘మిడ్‌వెస్ట్ ప్రీమియం’. సుంకం పెరిగితే ఈ ప్రీమియం పెరుగుతుంది. కెనడా నుంచి వచ్చిన లోహమైనా, అమెరికా కొలిమిలో కరిగిన లోహమైనా కొనేవాడు కట్టేది అదే.

ఇప్పుడు అసలు కంపెనీ లెక్క చూద్దాం. 2018 సెప్టెంబరులో ఫోర్డ్ అధిపతి జిమ్ హాకెట్, లోహ సుంకాల వల్ల తమకు సుమారు 100 కోట్ల డాలర్ల లాభం పోయిందని చెప్పారు. తాము వాడే లోహంలో ఎక్కువ భాగం అమెరికాలోనే కొంటున్నామని కూడా ఆయనే అన్నారు. ఆ ఏడాది ఫోర్డ్ అమెరికాలో అమ్మిన వాహనాలు దాదాపు 25 లక్షలు. భాగిస్తే వాహనానికి 400 డాలర్లు.

ఆగండి, ఈ తప్పు చాలామంది చేస్తారు. ఆ 100 కోట్లు ఒక్క ఏడాదివి కావు. 2018 మార్చి నుంచి 2019 చివరి దాకా అంచనా అని కంపెనీ తర్వాత వివరణ ఇచ్చింది. అంటే 22 నెలలు. అన్ని నెలల్లో సుమారు 45 లక్షల వాహనాలు అనుకుంటే, వాహనానికి 220 డాలర్లు. పెద్ద అంకె వినగానే ‘ఎంత కాలానికి?’ అని అడగడం అలవాటు చేసుకోండి. లెక్కలో సగం తప్పులు అక్కడే పోతాయి.

220 అంటే రాస్ చెప్పిన 175కు మరీ దూరం కాదు. మరి ఆయన మాటే నిజమా? ఇప్పుడు హారం దగ్గరికి రండి. 2018లో ఫోర్డ్ మొత్తం ఆదాయం సుమారు 16,000 కోట్ల డాలర్లు, నికర లాభం సుమారు 370 కోట్లు. అంటే వంద డాలర్ల అమ్మకానికి మిగిలింది రెండు డాలర్ల ముప్పై సెంట్లు. ఆ లెక్కన 35,000 డాలర్ల బండి మీద మిగిలేది సుమారు 800. అదే 175ని 800తో భాగించండి: దాదాపు 22 శాతం. ధరతో పోలిస్తే అర శాతం, లాభంతో పోలిస్తే ఐదో వంతు పైనే. ఇది సంస్థ మొత్తం సగటు. పికప్ ట్రక్కులో మిగులు ఎక్కువ, చిన్న కారులో తక్కువ కాబట్టి దెబ్బ అన్నిటికీ ఒకేలా తగలదు.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ధరను హారంగా పెట్టి ‘అర శాతమే’ అని కొట్టిపారేయడం పాఠకుడికి అన్యాయం. కంపెనీ నిర్ణయాలు తీసుకునేది మిగులు చూసే. ఐదో వంతు మిగులు పోతుంటే ఎవరూ చేతులు కట్టుకుని కూర్చోరు. స్టిక్కర్ ధర (కంపెనీ బండి మీద రాసే ధర) పెంచడం ఒక్కటే వారికున్న దారి కాదు. డిస్కౌంట్ తగ్గిస్తారు, రవాణా చార్జీ పెంచుతారు, విడిభాగాలు ఇచ్చేవారిని రేటు తగ్గించమంటారు. అందుకే షోరూమ్ ధర మారలేదు కాబట్టి భారం లేదనుకోకండి. చివరికి చేతి నుంచి పోయిన మొత్తం చూడండి.

వచ్చే పాఠానికి అభ్యాసం. 2025 జూన్ 4 నుంచి అమెరికాలో ఉక్కు, అల్యూమినియం రెండింటి మీదా చాలా దేశాలకు సుంకం 50 శాతం అయింది. అల్యూమినియం టన్ను 2,500 డాలర్లు, ఉక్కు టన్ను 700 అనుకోండి. సుంకం మొత్తం ధరలోకి వచ్చేసిందని పెట్టుకుని ఒక కారుకు ఎంత పడుతుందో వేయండి. ఇది పై హద్దు మాత్రమే. తర్వాత ఫోర్డ్ ఎఫ్-150 పికప్ ట్రక్కుకు వేయండి. 2015 మోడల్ నుంచి దాని బాడీ అల్యూమినియం, కాబట్టి అల్యూమినియం బరువు రెట్టింపు, ఉక్కు 800 కిలోలు అనుకోవచ్చు.

ఒక్క జాగ్రత్త. పూర్తిగా తయారై దిగుమతి అయ్యే కారుకు వేరే సుంకం ఉంది, దాని మీద మళ్లీ లోహ సుంకం కలపకూడదు. బ్రాండ్ పేరు చూసి కాదు, ఎక్కడ తయారైందో చూసి వేయండి. డాలస్‌లో ఉన్న మీ అన్నయ్య కొన్న క్యామ్రీ జపాన్ బ్రాండే అయినా, తయారయ్యేది కెంటకీలో.