తిరుపతి నుంచి పళవేర్కాడుకు: డచ్చివాళ్ల రేవును చూసే పద్ధతి

పులికాట్ అనగానే మనకు సూళ్లూరుపేట, ఫ్లెమింగోలు గుర్తొస్తాయి. పాత రేవు మాత్రం సరస్సుకు దక్షిణపు కొసన, తమిళనాడులో ఉంది. అక్కడి బస్సు బోర్డు మీద తమిళంలో 'పళవేర్కాడు' అని ఉంటుంది. పులికాట్ అన్న పేరు కోసం చూస్తూ నిలబడితే బస్సు వెళ్లిపోతుంది.

తెల్లారకముందే బయల్దేరండి. శ్రీకాళహస్తి, నాయుడుపేట మీదుగా సూళ్లూరుపేటకు బస్సు, అక్కడ చెన్నై లోకల్ రైలెక్కి పొన్నేరిలో దిగి మళ్లీ బస్సు. లోకల్ రైళ్ల మధ్య ఎడం ఎక్కువ, టైము ముందే చూసుకోండి. కారైతే పుత్తూరు, నాగలాపురం, ఊత్తుకోట దారి నయం.

చంద్రగిరిని రాజధాని చేసుకున్న వేంకటపతిరాయలే 1610లో డచ్చివాళ్లను ఈ రేవులో వర్తకానికి రానిచ్చాడు. 1612లో పోర్చుగీసువాళ్లు వాళ్ల కొట్టు మీద పడ్డారు. దాంతో 1613లో గెల్డ్రియా కోట లేచింది. 1690లో ముఖ్యస్థానం నాగపట్నానికి మారేదాకా కోరమాండల్ తీరంలో డచ్చి వ్యాపారానికి కేంద్రం ఇదే. బట్టలతో పాటు బానిసలనూ ఓడలకెక్కించారు.

కోట చూద్దామని వెళ్తే నిరాశే. మిగిలింది దిబ్బలూ ముళ్లకంపలూ. బూట్లు, నిండు ప్యాంటు లేకుండా లోపలికి పోవద్దు, పాముల భయం ఉంది.

అసలు చూడాల్సింది పురావస్తు శాఖ రక్షణలో ఉన్న డచ్చి శ్మశానం. ద్వారం దగ్గర అస్థిపంజరాల శిల్పాలుంటాయి. గేటుకు తాళముంటే కాపలాదారు కోసం చుట్టుపక్కల అడగండి. రాళ్ల మీది రాత చదవాలంటే పొద్దున తొమ్మిదిలోపు గానీ సాయంత్రం నాలుగు తర్వాత గానీ చూడాలి. ఏటవాలు ఎండకు అక్షరాల గాడిలో నీడ పడుతుంది. మిట్టమధ్యాహ్నం నీడ లేక రాయంతా చదునుగా కనిపిస్తుంది. ఆ వేళకే చేరితే రాతి మీద కాస్త నీడ పట్టి, టార్చిని పక్కనుంచి నేలబారుగా వేయండి. సుద్దముక్క రుద్దొద్దు, రాయి పాడవుతుంది. డచ్చి రాకపోయినా పర్లేదు: 'హియర్ లైట్ బెగ్రావెన్' అంటే ఇక్కడ పూడ్చారని, 'ఆన్నో' పక్కనుండేది సంవత్సరం.

వానలు తగ్గాక, జనవరి, ఫిబ్రవరి నెలలు అనువు. సంక్రాంతి సెలవుల్లో మాత్రం జనం కిక్కిరిసిపోతారు. పడవ షికారు సంగతి జాగ్రత్త. 2011 క్రిస్మస్ రోజున ఇక్కడ పడవ మునిగి 22 మంది పోయారు. అనుమతి, లైఫ్ జాకెట్ లేని పడవ ఎంత చవకైనా ఎక్కొద్దు. తిరుగు బస్సు టైము దిగిన వెంటనే అడిగి రాసుకోండి. పొన్నేరిలో రైలు తప్పితే తిరుపతి చేరేసరికి అర్ధరాత్రే.